కాగితం అంచు అవతల

మూడు ఫైళ్ళూ తెరిచేసరికి ఉమాశ్రీకి నవ్వొచ్చింది. మూడింట్లోనూ పేజీ స్టైల్ పేరు ఒకటే. శ్రీ.

పేజీ ఎంత పొడుగు, ఎంత వెడల్పు, నిలువా అడ్డమా, అంచుల్లో ఎంత ఖాళీ వదలాలి, నెత్తిమీద ఏం రాయాలి, ఇవన్నీ మూటగట్టి కంప్యూటర్‌కి ఒక్క పేరుతో అప్పజెప్పేదే పేజీ స్టైల్. దానికో పేరు పెట్టమని అడుగుతుంది. గోదావరికి ఈ ఒడ్డునైనా ఆ ఒడ్డునైనా, కొత్త పని మొదలుపెడుతూ ఏదో ఒకటి రాయమంటే మనవాళ్ళు ఏం రాస్తారు? పలక మీదా శ్రీయే, పసుపు రాసిన పద్దు పుస్తకం మీదా శ్రీయే, శుభలేఖ నెత్తినా శ్రీయే. కొవ్వూరులో ఉండే రిటైర్డ్ సంస్కృతం లెక్చరర్ విశ్వనాథ్ మాస్టారూ అదే పెట్టారు. రామచంద్రపురం పురోహితులు చలపతి శాస్త్రిగారి ఇంట్లో టైపు చేసినవాళ్ళూ అదే పెట్టారు. మొగల్తూరు నుంచి విష్ణుశర్మ పంపిన దాంట్లోనూ అదే ఉంది. ఆ మాటకొస్తే ఉమాశ్రీ సొంతంగా మొదలుపెట్టే ఫైళ్ళలోనూ అదే ఉంటుంది. అందరం ఒక్క బడిలోనే చదువుకున్నాం కాబోలు అనుకుని, పక్కనున్న టీ గ్లాసు అందుకుంది.

పుస్తకం పుష్కరాలకి. రేవుల్లో కార్యాలు చేయించే పురోహితులందరి చేతిలోనూ ఒకే పుస్తకం ఉండాలని కమిటీవాళ్ళు అనుకున్నారు. స్నాన సంకల్పం విశ్వనాథ్ మాస్టారిది, కమిటీ తరఫున పుస్తకం మొత్తం చూసుకునేదీ ఆయనే; తర్పణాల విధి చలపతి శాస్త్రిగారిది, నదీపూజ విష్ణుది. ఎవరి అధ్యాయం అచ్చయితే వాళ్ళే ఆ విధి వరకు కొవ్వూరు రేవులో మైకు ముందు కూర్చుని జనం చేత చేయించాలి. ఇవేవీ ఉమాశ్రీకి పట్టవు. మూడింటినీ ఒకటి చేయడం వరకే ఆవిడ పని, ఆ పనిలో తనని మించినవాళ్ళు రాజమండ్రిలో లేరని ఆవిడ గట్టి నమ్మకం. ఎవరైనా తెలియనివాళ్ళు షాపుకొస్తే ఆవిడే చెప్పేది కూడా.

"ఎంతసేపు పడుతుందమ్మాయ్?" కౌంటర్ దగ్గర్నుంచి గున్నేశ్వరరావు కేకేశాడు. షాపు ఆయనది. పుష్కరాల అచ్చుపని మొత్తం తన షాపుకే రావాలని ఆయన ఆరాటం.

"మీరా పకోడీ పొట్లం ఖాళీ చేసేలోపు అయిపోతుందండీ."

మాస్టారిది మొదటి అధ్యాయం కాబట్టి ఆయన ఫైలునే అడుగున పెట్టుకుంది. చివరి పేజీకి వెళ్ళి, కర్సర్ నిలబెట్టి, శాస్త్రిగారి ఫైలుని అందులోకి దింపింది. దాని వెనకాల విష్ణుది. కంప్యూటర్ ఏమీ అడగలేదు, ఏ అభ్యంతరమూ చెప్పలేదు. పేజీల అంకెలు వరసగా వచ్చాయి. పేజీలన్నీ ఒకే కొలతలో బుద్ధిగా నిలబడ్డాయి. సంస్కృతం ఉమాశ్రీ చదవదు, చూస్తుంది. వత్తులు విడిపోయాయా, సున్నాలు ఎగిరిపోయాయా, గీతలు ఒకదానిమీదొకటి ఎక్కాయా అని మౌస్ చక్రం తిప్పుతూ పైనుంచి కిందికి ఒక్క ఊపులో చూసింది. ఏమీ కనబడలేదు. ప్రూఫు తీసి గున్నేశ్వరరావు ఫోన్‌కి కొట్టింది. ఆయన కమిటీ గ్రూపులో పెట్టి, కింద రెండు దణ్ణాల బొమ్మలు కూడా పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం విశ్వనాథ్ మాస్టారు ఎండలో పడి వచ్చారు. చంకలో ప్రూఫు కాగితాలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏమ్మా, శాస్త్రిగారి ఫైల్లోంచి మీ దగ్గరేమైనా జారిపోయిందా?"

జారిపోయిందా అన్న మాటకి ఉమాశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. షాపులో ఇంకో ఇద్దరు శుభలేఖలవాళ్ళు కూడా ఉన్నారాయె.

"నేను అక్షరం ముట్టుకోనండి మాస్టారూ. వచ్చింది వచ్చినట్టు పెడతాను. నమ్మకం లేకపోతే ఇంకోచోట చేయించుకోండి."

"అయ్యో, మా దగ్గర అలాంటివి జరగవండీ" అని గున్నేశ్వరరావు నవ్వుతూ అడ్డొచ్చాడు. "ఆవిడ మాట కాస్త కటువు గానీ పని బంగారం. వాళ్ళు పంపిందే అంత అయ్యుంటుంది."

మాస్టారు కాగితాలు కౌంటర్ మీద పరిచారు. ఆయన మొహంలో కోపం లేదు, అదే ఉమాశ్రీకి ఇంకా చిరాకనిపించింది. "మంత్రాలన్నీ ఉన్నాయి. చెయ్యవలసింది ఒక్కటీ లేదు. ఏ దిక్కుకి కూర్చోవాలి, జంధ్యం ఏ భుజం మీద ఉండాలి, నీళ్ళు ఏ వేలి మీంచి వదలాలి. మంత్రం పక్కన తంత్రం ఉండాలి కదా! కొత్త కుర్రాడు ఈ కాగితం పట్టుకుని ఏం చేయిస్తాడు?" గొంతు తగ్గించారు. "వయసు మీద పడిందమ్మా ఆయనకి. కంటిచూపు కూడా లేదు, కోడలి చేత టైపు కొట్టించారట. చెప్పడం ఆయన మర్చిపోయారో, కొట్టడం ఆ అమ్మాయి మర్చిపోయిందో. ఆ భాగం విష్ణుని రాయమన్నాను. శుక్రవారం మీటింగులో ఖాయం చేసేస్తాం."

"శాస్త్రిగారికి చెప్పారా?" గున్నేశ్వరరావు అడిగాడు.

"ఫోన్ చేశాను. గొడవ పెట్టుకుంటారనుకున్నా. 'అలాగా' అన్నారంతే."

ఆయన వెళ్ళిపోయాక ఉమాశ్రీ మళ్ళీ శుభలేఖల పనిలో పడింది. వధూవరుల పేర్ల మధ్య గణపతి బొమ్మ ఇమడ్డం లేదు. దాన్ని అటూ ఇటూ జరుపుతూ, నన్నా అడిగేది, నన్నా, అని లోపల్లోపల సణుక్కుంది. శాస్త్రిగారి ఫైలు ఒక్కసారి విడిగా తెరిచి చూద్దామన్న ఆలోచన రాలేదని కాదు. వచ్చింది. చూస్తే తనని తను అనుమానించుకున్నట్టవుతుందని చూడలేదు.

బుధవారం పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచీ. రామచంద్రపురం నుంచి మొదటి బస్సుకి వచ్చినట్టుంది, జడలో పూలు అప్పుడే నలిగాయి. చలపతి శాస్త్రిగారి కోడలినని చెప్పింది. పేరు సాయిప్రసన్న.

"ఏవండీ, మీతో పోట్లాడ్డానికి రాలేదండీ" అంది మొదటే, పోట్లాడ్డానికే వచ్చినంత బిగువుగా. "ఒక్కటి అడిగి వెళ్ళిపోతాను. మా మామయ్యగారి పేజీల నెత్తిమీద విశ్వనాథ్ మాస్టారి పేరెందుకుందండీ?"

"ఏదీ?"

సాయిప్రసన్న ప్రూఫు చూపించింది. తర్పణ విధి అధ్యాయంలో ప్రతి పేజీ పైనా సన్నటి అక్షరాల్లో 'సంకలనం: విశ్వనాథ్' అని ఉంది. మాస్టారి అధ్యాయానికి ఆయన పెట్టుకున్న తలకట్టు అది. "నేను మామయ్యగారి పేరు పెట్టానండీ. అది పోయి ఇదెలా వచ్చింది?"

ఎక్కడ తప్పు జరిగిందో తెలియడానికి, పదేళ్ళుగా ఈ పని చేస్తున్న ఉమాశ్రీకి ఆ ఒక్క వరస చాలు. అయినా మొహం మీద ఏమీ కనబడనివ్వలేదు. "చూస్తానమ్మా" అంది.

"మా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అంతా ఉందండీ. చూపిస్తే ఆయనకి కనబడదు. కాగితం ఇదిగో అని మాస్టారు పంపారు, కాగితంలో లేదు. కాగితం మీద లేనిది ఉందంటే ఎవరు నమ్ముతారండీ?" ఆ అమ్మాయి ప్రూఫు కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆయన చెప్తుంటే చలికాలమంతా కూర్చుని కొట్టాను. 'చెప్పింది చెప్పినట్టు కొట్టు, నీ తెలివి కలపకు' అనేవారు. కలపలేదండీ. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. ఆడదాని చేత కొట్టిస్తే ఇంతేనని మా అత్తయ్యగారితో ఎవరో అన్నారట. ఆయన నన్నేమీ అనలేదు. అంటే బావుండును. మాట్లాడ్డం మానేశారు. నిన్నట్నుంచి చేత్తో రాస్తానని కూర్చున్నారు, ఒక గీత మీద ఇంకో గీత పడిపోతోంది."

"రేపు ఫోన్ చేస్తాను, వెళ్ళిరామ్మా" అంది ఉమాశ్రీ. ఆ అమ్మాయి లేచి, తలుపు దాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయింది. ఉమాశ్రీకి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

కుర్చీలో కూలబడి శాస్త్రిగారి ఫైలు విడిగా తెరిచింది. పేజీలు అడ్డంగా, వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి. ఎడమ పక్క గడిలో పెద్ద అక్షరాల్లో మంత్రం, కుడి పక్క గడిలో చెయ్యవలసిన పని. ఏ పేజీ తిప్పినా అంతే, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. తర్వాత తను కలిపిన ఫైలు తెరిచింది. అదే పట్టిక, నిలువు పేజీలో. ఎడమ గడి వరకు కాగితం ఉంది. కుడి గడి కాగితం అంచు దాటి బయటికి పోయింది. చెరిగిపోలేదు. కర్సర్ పెట్టి బాణం మీట నొక్కుతూ పోతే, కనబడని ఆ గడిలోకి వెళ్తోంది, ఒక్కొక్క అక్షరమూ దాటుతోంది, మళ్ళీ బయటికొస్తోంది.

ఒకే పేరుతో ఇద్దరుంటే కంప్యూటర్ ముందునుంచీ ఇంట్లో ఉన్నవాడి మాటే వింటుంది. వచ్చినవాడు తన పద్ధతి గుమ్మం బయట విడిచి రావలసిందే. మాస్టారి ఇంట్లో శ్రీ ఉంది, శాస్త్రిగారు ఇంకో శ్రీని వెంటబెట్టుకుని వచ్చారు, ఆయన శ్రీ గాల్లో కలిసిపోయింది. ఈ సంగతి ఉమాశ్రీకి తెలియనిది కాదు. కొత్తగా చేరిన పిల్లలకి తనే నేర్పింది: కలిపే ముందు వచ్చే ఫైల్లో పేజీ పేరు మార్చుకోండర్రా అని. తను మాత్రం నవ్వుకుని ఊరుకుంది. మూడు పేర్లూ ఒకటేనని కళ్ళారా చూసి, నవ్వుకుని, టీ తాగింది.

శాస్త్రిగారి ఫైల్లో స్టైల్ పేరు 'తర్పణం' అని మార్చింది. మాస్టారి ఫైలు చివర పేజీ తెంపి, ఇక్కడ్నుంచి తర్పణం అని చెప్పి, మళ్ళీ దింపింది. విష్ణు ఫైలుకీ వేరే పేరు పెట్టి దాని వెనకాల చేర్చింది. శాస్త్రిగారి పేజీ అడ్డంగా తిరిగి పడుకుంది. కుడి గడి కాగితం మీదికి వచ్చి కూర్చుంది. నెత్తిమీద శాస్త్రిగారి పేరు వచ్చింది. పెద్ద పనేమీ కాదు. అదే ఆవిడ ప్రాణాన్ని పిండేసింది.

గున్నేశ్వరరావు వచ్చాక చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని తెర వంక చూశాడు.

"సరిచేశావు కదా! ఇంకేం?"

"చేశానండీ. మాస్టారికి చెప్పాలి."

"ఏమని? మా తప్పని చెప్పి కొరివితో తల గోక్కోమంటావా? మొన్న ఆయన ముందు అంతేసి మాటలన్నావు. వాళ్ళు పంపిందే అంత అని నేనూ అన్నాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మాయ్? శాస్త్రిగారింటి నుంచి కొత్త ఫైలు వచ్చిందందాం. అధ్యాయం ఉంటుంది, ఆయన పేరు ఉంటుంది, మన పేరూ ఉంటుంది. ఎవరికి నష్టం?"

ఆ అమ్మాయికి అని ఉమాశ్రీ అనబోయింది. అనలేదు. అధ్యాయం నిలబడితే చాలు, ఆ తర్వాత మామా కోడళ్ళు వాళ్ళే సర్దుకుంటారులే అని మనసుకి సర్దిచెప్పుకుంది. గున్నేశ్వరరావు అక్కడే స్పీకర్ పెట్టి మాస్టారికి ఫోన్ కలిపాడు.

"కొత్త ఫైలా?" అవతల మాస్టారు పెదవి విరిచినట్టు గొంతులోనే తెలిసింది. "అంటే ముందు పంపింది సగమేనన్నమాట. మనం అడిగితే గానీ లేదని వాళ్ళకి తెలియలేదు. ఇప్పుడు హడావిడిగా ఏం అతికించి పంపారో ఎవరికి తెలుసండీ? రేపు వేలమంది చేత చేయించే పని. వద్దు లెండి. విష్ణుకే ఇద్దాం. శుక్రవారం రండి."

ఫోన్ పెట్టేశాక గున్నేశ్వరరావు చేతులు తిప్పాడు. "మనం చెయ్యగలిగింది చేశాం."

చేసింది మేలు కాదు. ఉన్న నిందకి ఇంకో నింద జోడించారు. ఉమాశ్రీ కుడితిలో పడ్డ ఎలుకలా ఆ రోజంతా కొట్టుకుంది. సాయిప్రసన్నకి ఫోన్ చేస్తానన్న మాట గురువారం నిలబెట్టుకోలేదు. సాయంత్రం ఆ అమ్మాయే చేసింది. ఫోన్ మోగుతూంటే ఉమాశ్రీ చూస్తూ కూర్చుంది, ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం గున్నేశ్వరరావు కారులో వంతెన దాటి కొవ్వూరు వెళ్ళారు. దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. కరపత్రాలు, స్టాళ్ళ బోర్డులు, పాసులు, ఎన్నెన్ని పనులున్నాయో లెక్కపెట్టాడు. చివరికి, "నువ్వు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చో. మాట్లాడ్డం నాకొదిలెయ్. నా షాపులో ఉండాలనుకుంటే మాత్రం నోరు మెదపకు" అన్నాడు, కారు ఆపుతూ, మామూలుగానే.

రేవుకి దగ్గర్లోనే సత్రం. హాల్లో చాపలు పరిచారు, పక్కన కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. కమిటీ పెద్దలు నలుగురైదుగురు కుర్చీల్లో ఉన్నారు. విష్ణు చాప మీద ఓ మూల తలొంచుకుని కూర్చున్నాడు, మనిషి ముప్ఫై దాటినట్టు లేడు. చలపతి శాస్త్రిగారు మధ్యలో పీట మీద ఉన్నారు. బక్కపల్చటి మనిషి, వీపు మాత్రం కర్రలా నిటారుగా ఉంది. కళ్ళు ఎవరిమీదా నిలవడం లేదు, గొంతు వినబడిన వైపు మొహం తిప్పుతున్నారు. సాయిప్రసన్న గుమ్మం దగ్గర మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. ఉమాశ్రీని చూసింది, చూపు తిప్పుకుంది.

విశ్వనాథ్ మాస్టారు మొదలుపెట్టబోతే శాస్త్రిగారు చెయ్యెత్తారు.

"నాయనా, నన్ను తీసెయ్యడానికి మీరు మొహమాటపడక్కర్లేదు. చెప్పవలసింది నేనే ఎక్కడో వదిలేసి ఉంటాను. ఈ మధ్య మంగళవారమో బుధవారమో కూడా అడిగి తెలుసుకుంటున్నాను. విష్ణు మా శిష్యుడి కొడుకే. వాడి చేత చేయించండి. చూసి సంతోషిస్తాను. ఈ మాట మనవి చేసుకుందామనే వచ్చాను." విష్ణు ఉన్నచోటు తెలియక ఎటో చూసి చెయ్యెత్తి దీవించారు.

ఆయన పోట్లాడి ఉంటే, కేకలేసి ఉంటే ఉమాశ్రీ ఎలాగో ఊరుకునేదేమో. లేని తప్పుని అంత పెద్దమనిషి నెత్తిన వేసుకుంటుంటే ఇక కూర్చోలేకపోయింది.

"కొత్త ఫైలు ఏదీ రాలేదండీ" అంది.

గున్నేశ్వరరావు మోచేత్తో పొడిచాడు. ఆవిడ ఇంకాస్త జరిగి కూర్చుంది.

"మాస్టారూ, వాళ్ళింటి నుంచి మొదట వచ్చిందే ఉంది. దాంట్లో అన్నీ ఉన్నాయి. మీ పేజీకీ ఆయన పేజీకీ ఒకటే పేరుంది. నేను మార్చకుండా కలిపాను. ఆయనవి అడ్డం పేజీలు, మీ నిలువు కొలతలోకి వచ్చిపడ్డాయి. పక్క గడి కాగితం బయట పడిపోయింది. అచ్చులో కనబడలేదు. తప్పు నాది. ఆయన మర్చిపోలేదు, ఆ అమ్మాయీ మర్చిపోలేదు."

గుమ్మం దగ్గర సీసా మూత కింద పడి దొర్లింది. దాన్ని తీయడానికి ఎవరూ వంగలేదు.

"అక్షరం ముట్టుకోనన్నారు మొన్న" అన్నారు మాస్టారు.

"ముట్టుకోలేదండీ. చూడనూ లేదు. చూశాక కూడా రెండు రోజులు చెప్పలేదు."

మాస్టారు చాలాసేపు తన చేతిలో కాగితాలు సర్దుకున్నారు. చెడ్డమనిషి కాదు, అలాగని ఒకసారి అన్నమాట మింగడం ఆయనకీ తేలిక కాదు. "సరే. ఉందనే అనుకుందాం. ఉన్నది సరిగ్గా ఉందని ఎవరు చూశారు? కంటితో ఆయన చూసుకోలేదు. ఇక్కడే చదివించండి. ఆ గడిలో ఏముందో అందరం వింటాం. ఒక్కచోట తేడా వచ్చినా విష్ణుకే ఇస్తాను, ఏమీ అనుకోకూడదు."

"నేను చదువుతాను" అని విష్ణు లేవబోయాడు.

"కొట్టిన పిల్ల చేతే చదివించండి" అన్నారు శాస్త్రిగారు. ఆయన మొహం ఇంకా ఎటో ఉంది. "ప్రసన్నా, రామ్మా."

ఆ పిలుపు వినగానే సాయిప్రసన్న కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. కొంగుతో ఒత్తుకుని, వచ్చి ఉమాశ్రీ పక్కన చాప మీద కూర్చుంది. ల్యాప్‌టాప్ తెర ఇద్దరికీ కనబడేలా ఉమాశ్రీ కొంచెం తిప్పింది. మిగతావాళ్ళందరి చేతుల్లోనూ ఉన్నది ఆ సగం ప్రూఫే.

"దేవతర్పణం. తూర్పు ముఖంగా కూర్చోవాలి. జంధ్యం ఎడమ భుజం మీద ఉండాలి. నీళ్ళు వేళ్ళ కొసల మీంచి వదలాలి."

శాస్త్రిగారు పీట మీద కదిలారు. చేతిలో నీళ్ళు లేవు, దర్భ లేదు. ఖాళీ దోసిలి ముందుకి చాపి వేళ్ళ కొసలు వంచారు. నీళ్ళు జారినట్టే అనిపించింది. ఆ వేళ్ళు వణకడం లేదు. మాస్టారు తల ఊపారు.

"ఋషితర్పణం. ఉత్తర ముఖంగా కూర్చోవాలి. జంధ్యం దండలా మెడలో ఉండాలి. చిటికెనవేలి మొదలు దగ్గర్నుంచి వదలాలి."

ఆయన తిరిగారు. జంధ్యం సర్దుకున్నారు. అరచెయ్యి వాలింది. విష్ణు తెలియకుండానే తన చెయ్యి కూడా అలాగే వంచి చూసుకున్నాడు.

ఉమాశ్రీ కళ్ళు తెర మీద తర్వాతి గడికి పోయాయి. పితృతర్పణం. తూర్పు ముఖంగా కూర్చోవాలి.

మళ్ళీ చదివింది. తూర్పు అనే ఉంది. ఉమాశ్రీకి మంత్రాలు రావు, కానీ నాన్న పోయిన రోజున తమ్ముడు ఏ దిక్కుకి తిరిగి నీళ్ళు వదిలాడో పక్కన నిలబడి చూసింది. పెద్దలకి నీళ్ళు దక్షిణం తిరిగి వదులుతారని ఎవరికి తెలియదు! చెప్పేటప్పుడు ఆయన నోరు జారింది. చెప్పింది చెప్పినట్టు కొట్టమన్నారు, కొట్టింది. ఇప్పుడది పైకి చదివితే అయిపోయినట్టే. నలభై ఏళ్ళు ఆ పని చేయించిన మనిషి దిక్కు మర్చిపోయాడని ఈ హాలంతా వింటుంది.

సాయిప్రసన్న గొంతు ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" మాస్టారు కుర్చీలో ముందుకి వంగారు.

సాయిప్రసన్న తెర మీంచి కళ్ళెత్తి మామగారి వంక చూసింది. ఉమాశ్రీ కూడా చూసింది. ఎవరూ చదవకుండానే శాస్త్రిగారు పీట మీద మళ్ళీ తిరుగుతున్నారు. నేల మీద చెయ్యి ఆనించి, మోకాలు జరిపి, దక్షిణం వైపుకి తిరిగి కూర్చున్నారు. జంధ్యం కుడి భుజం మీదికి మారింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు వచ్చేలా అరచెయ్యి వంపి, అలా పట్టుకుని, కోడలి మాట కోసం ఆగారు.

"పితృతర్పణం" అంది సాయిప్రసన్న. "దక్షిణ ముఖంగా కూర్చోవాలి. జంధ్యం కుడి భుజం మీద ఉండాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదలాలి."

ఉమాశ్రీ చూపు తెర మీదే ఉంచి, మీటల మీద వేళ్ళు పెట్టింది. చప్పుడు కాకుండా ఒక మాట చెరిపి ఒక మాట కొట్టింది. పక్కనున్న అమ్మాయి అది చూసింది. ఇద్దరిలో ఎవరూ ఎవరి వంకా తిరగలేదు.

ఆ తర్వాత గడులన్నీ ఒకదాని వెంట ఒకటి సాఫీగా నడిచాయి. సాయిప్రసన్న చదువుతోంది, ముసలాయన చేతులు చేస్తున్నాయి, ఉమాశ్రీ ఒక్కో అక్షరం వెంట వెళ్తోంది. ఆవిడ జన్మలో ఒక ఫైలుని అలా చదవలేదు. అధ్యాయం ముగిసేసరికి కుర్చీల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరు కిందికి దిగి చాప మీద కూర్చున్నారు. విష్ణు వెళ్ళి శాస్త్రిగారి పాదాలు పట్టుకున్నాడు.

"ఇంక మాట లేదండీ" అన్నారు విశ్వనాథ్ మాస్టారు. "తర్పణాలు శాస్త్రిగారివే. రేవులో కూర్చునేదీ ఆయనే."

గున్నేశ్వరరావు లేచి ఎవరితోనూ మాట్లాడకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. రేపు షాపులో ఏమవుతుందో ఉమాశ్రీకి తెలియదు. భయం వేసింది. అయినా కదల్లేదు.

శాస్త్రిగారు జంధ్యం సవరించుకుని, కోడలి గొంతు వినబడిన వైపు మొహం తిప్పారు. గొంతు సవరించుకుని, అందరూ వినేటట్టే అడిగారు.

"అంతా నేను చెప్పిందేనా అమ్మా? నువ్వేమైనా దిద్దావా?"

"అంతా మీరు చెప్పిందే మామయ్యగారూ" అంది సాయిప్రసన్న.

ఉమాశ్రీ సేవ్ నొక్కింది.